ఒక ట్రిప్పు తప్పితే రూటు రద్దు కాదు

పోయిన డిసెంబరులో, ఆఫీసువాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు మెయిల్‌లో వచ్చింది. నాలుగు పేజీల పీడీఎఫ్. అన్నీ మామూలు అక్షరాలే, ఒక్క వరుస మాత్రం లావుగా ఉంది. హెచ్‌బీఏ1సీ: 6.1. పక్కన చిన్నగా ‘ప్రీడయాబెటిస్’ అని రాసుంది. నాకప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఫైలు మూసేసి, పొద్దుటి మీటింగులోకి వెళ్లి, ‘నా వైపు ఏ సమస్యా లేదు’ అని చెప్పొచ్చాను.

గడిచిన రెండు మూడు నెలల్లో మన రక్తంలో చక్కెర సగటున ఎంతుందో ఈ టెస్టు చెబుతుంది. 5.7 లోపు ఉంటే మామూలు. 6.5కి చేరితే షుగర్. మధ్యలో ఉన్నవాళ్లం గట్టు మీద నడుస్తున్నట్టు. ఎటైనా దిగొచ్చు. ఈ గట్టు మీద నేనొక్కడినే లేనని తర్వాత తెలిసింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10.1 కోట్ల మంది, గట్టు మీదున్నవాళ్లు 13.6 కోట్ల మంది.

మా ఇంటికి షుగర్ కొత్త చుట్టమేం కాదు. నాన్న ఖమ్మంలో ఆర్టీసీ డ్రైవర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు నలభై నాలుగో ఏట వచ్చింది. మూడేళ్ల కిందట కాలి వేలికి చెప్పు కరిచి చిన్న పుండైంది. అది మానడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలలూ అమ్మ రోజూ కట్టు మారుస్తూ, వేలు రంగు మారిందేమోనని టార్చ్‌లైట్ వేసి చూసేది. అందుకే నా రిపోర్టు సంగతి ఇంట్లో చెప్పలేదు.

చెప్పకపోగా, వీరావేశంతో నిర్ణయాలు తీసుకున్నా. జనవరి 1 నుంచి చక్కెర బంద్, బిర్యానీ బంద్. పొద్దున ఐదింటికి అలారం. జిమ్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టేశా. రాత్రి పదింటికి ఫోన్ పక్కన పెట్టేయాలి. మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. జనవరి 19 రాత్రి సర్వర్లేవో మొరాయించాయి. అందరం లాగిన్ అయ్యాం. సమస్య తీరేసరికి రెండు నలభై. రెండు నలభై ఐదుకి చికెన్ బిర్యానీ, కూల్‌డ్రింకు ఆర్డరిచ్చేశా. తెల్లారాక అలారం మోగితే ఆపేశా. ‘ఎలాగూ పోయింది కదా’ అనుకున్నా.

ఆ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. బిర్యానీ కంటే ఆ మాటలే నాకు ఎక్కువ చెడుపు చేశాయి. ఆ తర్వాత మూడు వారాలు జిమ్ గుమ్మం తొక్కలేదు.

ప్లాన్ వేసేది ఒకరు, చేసేది ఇంకొకరు

మోటివేషన్ లేకనే ఇలా అయిందని ముందు అనుకున్నా. వీడియోలు చూశా. ఒకాయన వేలెత్తి అరుస్తుంటే ఒళ్లు జలదరించేది. పది నిమిషాలయ్యాక మామూలే. నిజానికి నాకు భయం ఉంది, కారణం ఉంది, కళ్ల ముందు నాన్న కాలు ఉంది. ఇంతకంటే పెద్ద మోటివేషన్ ఎక్కడ దొరుకుతుంది? అయినా నిలబడలేదు.

ఎందుకంటే, మన ప్లాన్లన్నీ ఆదివారం సాయంత్రం కడుపు నిండి, నిద్ర చాలిన మనిషి వేస్తాడు. వాటిని అమలు చేయాల్సింది బుధవారం రాత్రి, నాలుగు మీటింగుల తర్వాత మిగిలిన మనిషి. వీళ్లిద్దరికీ పరిచయం కూడా ఉండదు. ఆదివారం మనిషి ధారాళంగా హామీలిచ్చేస్తాడు, బుధవారం మనిషి అప్పు తీర్చలేక తలదించుకుంటాడు.

పైగా ఒత్తిడి వేరు, చెడ్డ అలవాటు వేరు అనుకుంటాం గానీ, రెండూ ఒకే ఇంట్లో కాపురం. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. దాని పనల్లా, పరుగెత్తడానికి శక్తి కావాలేమోనని రక్తంలోకి చక్కెర వదిలేలా చూడటం. మనమేమో పరుగెత్తం, కుర్చీలోనే కూర్చుంటాం. నిద్ర తగ్గుతుంది. నిద్ర తగ్గిన మర్నాడు తీపి మీదా నూనె సరుకు మీదా మనసు ఇంకా లాగుతుంది. అలాంటి మనిషిని పట్టుకుని ‘గట్టిగా అనుకో, అయిపోతుంది’ అంటే ఎలా అవుతుంది?

నాకు కావాల్సింది చాయ్ కాదు

మా పనిలో ఏదైనా పెద్ద తప్పు జరిగితే తర్వాత ఒక నోట్ రాస్తాం. ఎవరిది తప్పు అని ఉండదు అందులో. ఎన్నింటికి ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, అంతే ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక వారం నా మీద నేనే అలాంటి నోట్ రాసుకున్నా. ఏదీ మానలేదు. చాయ్ తాగిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక్క లైను: టైము, అంతకు ముందు ఏం జరిగింది, తాగాక ఎలా ఉంది.

వారంలో ముప్పై తొమ్మిది చాయ్‌లు తేలాయి. రోజుకు ఐదారు. మా సందు చివర బండి దగ్గర చాయ్‌లో చక్కెర ముందే కలిపి ఉంటుంది. గ్లాసుకు రెండు చెంచాలు అనుకున్నా ఎనిమిది గ్రాములు. ఆరు చాయ్‌లకు నలభై ఎనిమిది. పైగా వేసుకునే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉస్మానియా బిస్కెట్లను నేనింకా లెక్కలో వేయనే లేదు.

అంకెల కంటే ‘ముందు ఏం జరిగింది’ అన్న గడి నన్ను ఆపేసింది. పొద్దున లేవగానే తాగేదీ, నాలుగింటికి తాగేదీ తప్ప మిగతావేవీ చాయ్ కోసం తాగినవి కావు. ‘మీటింగు సాగదీశారు.’ ‘నా కోడ్ మీద ఇరవై కామెంట్లు.’ ‘క్లయింటు మెయిల్, జవాబు తెలీదు.’ వరుసగా ఇవే.

అప్పుడర్థమైంది. డెస్కు దగ్గర పది నిమిషాలు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటే ‘ఏం, ఖాళీనా?’ అంటారు. ‘చాయ్‌కి వెళ్లొస్తా’ అంటే ఎవరూ ఏమీ అనరు. చాయ్ నా గేట్‌పాస్. నాకు కావాల్సింది లేచి బయటకు వెళ్లడం. నేను జనవరిలో చేసిందేమిటంటే, చాయ్ మానేస్తానని చెప్పి, నాకు రోజంతటిలో దొరికే ఆ కాస్త విశ్రాంతిని కూడా కోసేసుకున్నా. ఇక మనసు ఊరుకుంటుందా? సిగరెట్ మానాలనుకునే మా ఫ్రెండుకు ఇది చెబితే, ‘అవున్రా, నాకు నలుగురితో నిలబడి మాట్లాడ్డానికి ఇంకో చోటు లేదు’ అన్నాడు.

అందుకే బండి దగ్గరికి వెళ్లడం మానలేదు. చేతిలో గ్లాసు మార్చా. పొద్దుటి చాయ్ అలాగే ఉంచా. మిగతా వాటిలో ఒకటి చక్కెర లేకుండా, తక్కినవి మంచినీళ్లు, ఎప్పుడైనా మజ్జిగ. మొదటిరోజు ‘బాబాయ్, చక్కెర లేకుండా ఒకటి’ అంటే, ఆయన అందరి ముందూ గట్టిగా ‘ఏం సార్, షుగరా?’ అన్నాడు. పక్కన మా టీమ్‌వాళ్లు నలుగురున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ‘ఇంకా రాలేదు బాబాయ్, రావద్దనే’ అన్నా. ఆయన ఒక్క క్షణం చూసి, ‘మా ఇంటామెకు ఉంది సార్’ అని, విడిగా చిన్న గిన్నె పెట్టాడు. ఇప్పుడు నన్ను చూడగానే ఆ గిన్నె పొయ్యెక్కుతుంది. అదే టీమ్‌లో ఇంకో ఇద్దరు ఇప్పుడు ఆ గిన్నెలో చాయే తాగుతున్నారు.

‘రోజూ నడుస్తా’ కాదు, ‘ఫోన్ మోగితే నడుస్తా’

జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఒక చిన్న సంగతి మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ‘నేను ఫలానా పని చేస్తా’ అనుకోవడానికీ, ‘ఫలానా సమయంలో, ఫలానాది జరగగానే ఈ పని చేస్తా’ అనుకోవడానికీ తేడా ఉందంటాడు. 2006లో ఆయనా, పాస్కల్ షీరన్ అనే ఇంకో పరిశోధకుడూ కలిసి ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. రెండో రకంగా అనుకున్నవాళ్లు పని పూర్తి చేయడం చెప్పుకోదగ్గంత ఎక్కువగా కనిపించింది. ఎప్పుడు చేయాలన్నది ముందే తేలిపోతే, బుధవారం మనిషి ఆలోచించాల్సిన పనుండదు.

నాకు రోజూ తప్పకుండా జరిగేది ఒకటే. రాత్రి ఏడుంపావుకి నాన్న ఫోన్. ఇన్నాళ్లూ ఆయన్ని స్పీకర్లో పెట్టి, ‘ఊఁ... ఆఁ... తిన్నా నాన్నా’ అంటూ మెయిళ్లకు జవాబులిచ్చేవాణ్ని. అదే పట్టుకున్నా. ఫోన్ మోగగానే కుర్చీలోంచి లేవాలి, మాట్లాడినంతసేపూ నడవాలి. జిమ్ బట్టలొద్దు, షూస్ కూడా అవసరం లేదు. గచ్చిబౌలి సందుల్లో చెప్పులేసుకునే తిరిగా.

పదో రోజు నాన్న ఆగి, ‘ఏరా, ఆయాసపడుతున్నావు. ఎక్కడున్నావు?’ అన్నారు. నడుస్తున్నా నాన్నా అన్నా. ‘నువ్వా?’ అన్నారు. ఇక దాచలేక రిపోర్టు సంగతి చెప్పేశా. కాసేపు అటు నుంచి ఏ శబ్దమూ లేదు. తిడతారనుకున్నా. ‘నేను కూడా ఒకటి చెప్తా, మీ అమ్మకు చెప్పొద్దు’ అన్నారు.

సంగతేమిటంటే, దసరా వెళ్లినప్పట్నుంచీ ఆయన నడవడమే లేదు. రోజూ వాకింగ్ అని చెప్పి బయల్దేరి, బెంచీ మీద పాత దోస్తులతో కూర్చుని, వారానికి రెండుసార్లు మిర్చి బజ్జీ తిని, టైము చూసుకుని ఇంటికొస్తున్నారట. ఖమ్మంలో ఒకరం, హైదరాబాద్‌లో ఒకరం, ఇద్దరం ఒకరినొకరం మోసం చేసుకుంటున్నాం. చాలాసేపు నవ్వుకున్నాం. మర్నాటి నుంచి ఫోన్ మోగితే ఇద్దరం లేవాలని ఒప్పందం. ఆయన లకారం చెరువు కట్ట మీద, నేను ఇక్కడి సందుల్లో. రిటైరయ్యాక ఆయన నాతో ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు.

ఈ పాటి నడకతో ఏమవుతుందని అనిపించొచ్చు. అమెరికాలో మూడు వేల మందికి పైగా గట్టు మీదున్నవాళ్లతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం, తిండిలో మార్పు, బరువు ఏడు శాతం తగ్గించుకోవడం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మన చెన్నైలో 2006లో వచ్చిన అధ్యయనంలోనూ తిండి, నడక మార్చుకున్నవాళ్లలో ఇది 28 శాతం పైగా తగ్గింది. 150 నిమిషాలంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు. నాన్న ఫోన్ ఎత్తితే అంతకంటే తక్కువ ఎప్పుడూ మాట్లాడరు.

తప్పిన రోజు ఏం చేయాలి

మార్చిలో మా ప్రాజెక్టు రిలీజ్. తొమ్మిది రోజులు నడక లేదు. నాన్న ఫోన్‌ని ‘తర్వాత చేస్తా’ అని కట్ చేశా. మూడు రాత్రులు బిర్యానీ. ‘ఎలాగూ పోయింది కదా’ మళ్లీ వచ్చి కూర్చుంది. పదో రోజు ఫోన్ చేసి, ‘నావల్ల కాదు నాన్నా, వదిలేశా’ అన్నా.

ఆయన అన్నదిది: ‘మా బస్సు దారిలో ఎన్నిసార్లు ఆగిపోలేదురా. ఆ ట్రిప్పు క్యాన్సిల్, నిజమే. అంతమాత్రాన ఆ ఊరికి ఇక బస్సు లేదని బోర్డు పెడతారా? తర్వాతి ట్రిప్పు దాని టైముకి అది పోద్ది. ఒక ట్రిప్పు తప్పితే రూటు రద్దు కాదు.’

లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు 96 మందిని పన్నెండు వారాల పాటు గమనించి చెప్పిందీ ఇంచుమించు ఇదే. కొత్త పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్ద నష్టమేమీ కనిపించలేదు. మరి అందరూ చెప్పే ఆ ‘21 రోజులు’ ఏమిటి? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి ప్రచారంలోకి వచ్చిన అంకె అది. ఆపరేషన్ తర్వాత మారిన ముఖానికి మనిషి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. ఇరవై రెండో రోజు కూడా కష్టంగానే ఉంటే లోపం మనలో ఉందనుకుని దిగులుపడుతున్నాం.

ఆ రోజే ఫోన్‌లో ‘వరుసగా ఎన్ని రోజులు’ అని లెక్కపెట్టే యాప్ తీసేశా. అందులో ఒక్క రోజు తప్పితే అంకె సున్నాకి పడిపోతుంది, దాంతోపాటు మనమూ. ఇప్పుడు వేరే లెక్క రాసుకుంటున్నా: తప్పాక మళ్లీ మొదలెట్టడానికి ఎన్ని రోజులు పట్టింది? జనవరిలో మూడు వారాలు. మార్చిలో తొమ్మిది రోజులు. ఏప్రిల్లో రెండు. మా సర్వర్లకూ ఇదే లెక్క. అసలు పడిపోని సర్వర్ అంటూ ఉండదు, ఎంత త్వరగా లేచిందన్నదే చూస్తాం. మన విషయానికొచ్చేసరికి ఎందుకో ఆ దయ ఉండదు.

అన్నీ మన చేతుల్లో ఉండవు

ఇంకోమాట కూడా చెప్పాలి. వారానికి మూడు రాత్రులు పదిన్నరకు అమెరికావాళ్లతో కాల్ ఉండేది. దానికి ఏ ప్రాణాయామమూ మందు కాదు. మేనేజర్‌ని అడిగా. మొదటిసారి నవ్వారు, రెండోసారి చూద్దామన్నారు. మూడోసారి, ‘నలుగురం వంతులేసుకుంటాం, ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు’ అని పట్టిక గీసి పంపితే ఒప్పుకున్నారు. ఇప్పుడు నాకు వారానికి ఒక్క రాత్రే. నా ఆరోగ్యానికి నేను చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్దది బహుశా ఆ మెయిలే.

అందరికీ అలా అడిగే వీలుండదు. రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు, డెలివరీ కుర్రాళ్లకు ఉండదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మా నాన్నకూ లేదు. పొద్దున నాలుగింటికి ఒక డ్యూటీ, అర్ధరాత్రికి ఒకటి, భోజనం ఏ బస్టాండులో దొరికితే అక్కడ. ‘మీకు తిండి మీద కంట్రోల్ లేదు’ అని నేను ఎన్నిసార్లు అన్నానో ఆయన్ని. నాకూ రిపోర్టు వచ్చాకే ఆ మాట ఎంత తేలికగా అనేశానో తెలిసింది.

వీలున్నంతలో నేను చేసే చిన్న పనులు రెండు. కష్టమైన మెయిల్ తెరిచే ముందు ఒక నిమిషం నెమ్మదిగా ఊపిరి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదులుతా. నాలుగు దాటాక చాయ్ ముట్టను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఏడింటి చాయ్ అర్ధరాత్రి దాకా మనతోనే మేలుకుని ఉంటుంది. ఇవన్నీ మామూలు ఒత్తిడికి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, బతుకు మీద విసుగొచ్చినా అలవాట్ల మీద నెట్టేయకండి, డాక్టర్‌ను కలవండి. టెలి మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు.

మే నెలలో మళ్లీ టెస్టు చేయించా. 5.8. గట్టు దిగలేదు గానీ ఇటువైపు అంచుకొచ్చా. డాక్టరు పెద్దగా మెచ్చుకోలేదు, ‘ఇలాగే ఉండండి, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం’ అన్నారు. ఈసారి రిపోర్టు నాన్నకు ఆ నిమిషమే వాట్సాప్ చేశా. ఆయన తన రిపోర్టు పంపడానికి రెండు రోజులు తీసుకున్నారు. అంటే అక్కడ ఇంకా బజ్జీలు నడుస్తున్నాయన్నమాట.

మీరూ ఏదైనా మార్చుకోవాలనుకుంటుంటే, ఈ వారం ఏదీ మానకండి. ఊరికే రాసుకోండి: ఎన్నింటికి, అంతకు ముందు ఏం జరిగింది. ఆ అలవాటు మీకు ఏం ఇస్తోందో కనిపిస్తుంది. అది కనిపించాక, అదే వేరే ఎక్కడ దొరుకుతుందో చూడొచ్చు.

నిన్న నా నడక తప్పింది. ఈ వ్యాసం పూర్తి చేయాలని కూర్చుండిపోయా. ఇప్పుడు టైము ఏడూ పది. ఇంకో ఐదు నిమిషాల్లో ఫోన్ మోగుతుంది. చెప్పులెక్కడున్నాయో చూసుకోవాలి.